పెంచిన చేతి పేరు

వార్డులో మందుల ట్రాలీ తోసుకుంటూ వస్తున్నాను. డెస్కు దగ్గర నాకు ఫోన్ ఉందన్నారు. తీస్తే మా తెలుగు చర్చి సంఘంలో ఒక సిస్టరు. "డాక్టరుగారి మిసెస్ పోయారంట సిస్టర్. మీకు తెలిసినవాళ్ళకి మీరు ఫోన్లు చేసేయండి" అన్నారు. ఏ డాక్టరుగారని అడిగాను. న్యూజెర్సీలో మా సంఘంలో ఏ కుర్చీ కదిపినా ఒక డాక్టరుగారు లేస్తారు. రోగుల్ని చూసేవాళ్ళు కొందరు, మందుల కంపెనీల్లో పనిచేసే పీహెచ్‌డీలు కొందరు. "అదేనండీ, పిస్కాటవే ఆయన. పొట్లకాయల డాక్టరుగారు" అన్నారావిడ.

మా మేడమ్ పోయారన్న సంగతి నాకు ఆ మాటల్లో తెలిసింది. పొట్లకాయల డాక్టరుగారి మిసెస్. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు ఒళ్ళు మండింది. ఆ డాక్టరుగారికి పొట్లపాదుకీ బీరపాదుకీ తేడా తెలియదు. ఒక వేసవిలో మేడమ్ ఊళ్ళో లేనప్పుడు పాదులకి నీళ్ళు పెట్టమంటే, కంచె పక్కన దానంతటది మొలిచిన పిచ్చితీగకి శ్రద్ధగా నీళ్ళు పెట్టుకుంటూ కూచున్న మనిషి ఆయన. అసలు పాదులు ఎండకి వాడిపోతుంటే చూసి, అవి ముదిరిపోయాయేమో అనుకున్నారట.

పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. నా వల్ల కాదు. మేడమ్ ఉంటే "కోపంలో రాసింది మర్నాడు ఒకసారి చదువుకో అమ్మాయ్" అనేవారు. మర్నాడు చదువుకున్నాను. ఒక్క మాట కూడా కొట్టెయ్యబుద్ధి కాలేదు. కనుక ఇది ఇలాగే ఉంటుంది. డాక్టరుగారు చదివితే చదవనివ్వండి.

ఆవిడ నాకు మేడమ్ అయింది కోస్తాలో ఒక మిషన్‌వారి ఆడపిల్లల కాలేజీలో. నేను పీయూసీ, ఆవిడ బోటనీ లెక్చరర్. గంజిపెట్టిన నూలుచీర, మెడలో నల్లతాడుకి వేలాడే భూతద్దం. స్టాఫ్ రూమ్ బయట చెక్కపలక మీద తెల్ల రంగుతో ఇంటిపేరుతో సహా ఆవిడ పేరు రాసి ఉండేది. క్లాసుకి పరిగెత్తేటప్పుడు ఆ పలక చూసుకుంటూనే పోయేవాళ్ళం, ఆవిడ లోపల ఉన్నారా, క్లాసులోకి వెళ్ళిపోయారా అని.

ల్యాబ్‌లో ఆకులు పంచేవారు. మేమందరం పైవైపు చూసి బొమ్మ గీయడం మొదలుపెట్టేవాళ్ళం. ఆవిడ బల్లల మధ్య నడుస్తూ, ఎవరి చేతిలో ఆకు ఉంటే దాన్ని బోర్లా తిప్పేవారు. "పైవైపు దారినపోయేవాళ్ళకి కూడా కనిపిస్తుంది అమ్మాయ్. నువ్వు చదువుకుంటున్నావు కదా, వెనక చూడు" అనేవారు. ఆకు నూగు వెనకే ఉంటుంది, ఊపిరి పీల్చే రంధ్రాలూ ఎక్కువగా వెనకే ఉంటాయి. ఈ అలవాటు ఆవిడకి చివరిదాకా పోలేదు. ఇక్కడ సూపర్ మార్కెట్‌లో పాలకూర కట్ట తీసినా వెనక చూసిగానీ బుట్టలో వేసేవారు కాదు. కౌంటర్ దగ్గర పిల్ల ఏదో లోపం వెతుకుతున్నారనుకుని మొహం ముడుచుకునేది.

ఇంకో సంగతి. మొక్కల శాస్త్రీయ నామాల చివర ఒకటి రెండు అక్షరాలూ ఒక చుక్కా ఉంటాయి. ఆ మొక్కకి పేరు పెట్టిన శాస్త్రవేత్త పేరుని కురచ చేసి అలా రాస్తారు. పరీక్షలో మేం ఆ తోక వదిలేసేవాళ్ళం. మేడమ్ అర మార్కు కోసేసేవారు. అందరం మూకుమ్మడిగా వెళ్ళి ఏడ్చినా తిరిగి ఇచ్చేవారు కాదు. "ఒక మనిషి పనిచేశాడు, ఆయన పేరు రాయడానికి నీకు బద్ధకం. ఆ బద్ధకానికి నేను మార్కు ఇవ్వాలా?" అనేవారు. అరవరు. చల్లగా అంటారు. అందుకే ఇంకా గుచ్చుకునేది.

నేను ఆ తర్వాత నర్సింగ్‌లో చేరిపోయాను. డెబ్బైల చివర్లో న్యూజెర్సీలో ఉద్యోగం దొరికి వచ్చాను. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో మన తెలుగువాళ్ళ ఆరాధన జరిగేది. మొదటిసారి వెళ్ళిన రోజు, మూల కుర్చీలో ఒకావిడ చీర మీద మగవాళ్ళ పాత ఓవర్‌కోటు వేసుకుని, కిటికీలో పెట్టిన కుండీలో ఆకు తిప్పి చూస్తున్నారు. మెడలో నల్లతాడు. దగ్గరికెళ్ళి "మేడమ్" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి "ఏ బ్యాచ్ అమ్మాయ్?" అన్నారు. ఆ చలికాలమంతా నన్ను మనిషిగా నిలబెట్టింది ఆవిడే. డ్యూటీ దిగి వచ్చేసరికి నా గది తలుపు గుబ్బకి సంచీ వేలాడుతుండేది, అందులో చారు, అన్నం, ఒక పచ్చడి. భర్తచేత డ్రైవ్ చేయించుకుని వచ్చి పెట్టి వెళ్ళేవారు. ఆ మాట కూడా చెప్పాలి, డ్రైవ్ చేసింది డాక్టరుగారే.

సంఘంలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఒక్కరు లేరు. డాక్టరుగారి మిసెస్. పిల్లలకి ఆంటీ. డాక్టరుగారికి "ఇదిగో". ఇంట్లో ఆవిడకి పిల్లల్లేరు కనుక ఫలానావాళ్ళ అమ్మ అన్న పిలుపు కూడా లేదు. కాలేజీలో అన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషి ఉద్యోగం వదిలేసి భర్త వెంట వస్తే, ఇక్కడ ఆ డిగ్రీ చాలదు, మళ్ళీ మొదట్నుంచి చదవమన్నారు. డాక్టరుగారు "ఇప్పుడెందుకులే" అన్నారు. డ్రైవింగ్ నేర్చుకుంటానంటే "నేనున్నానుగా" అన్నారు. ఇల్లు ఆయన పేరు, కారు ఆయన పేరు, ఫోన్ బుక్కులో ఆయన పేరు. ఆయన చెడ్డవాడు కాదు. చేయి చేసుకున్న మనిషి కాదు, గొంతు పెంచిన మనిషి కాదు. అదే నాకు ఇంకా ఒళ్ళుమంట.

పక్క ఊళ్ళో ఒక ఉద్యానవన సంఘం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో పెట్టింది. రాతి హాలు, వెనక గాజు ఇల్లు, హాల్లో గోడ మీద గడ్డం పెద్దాయన నిలువెత్తు పటం. వీలైనప్పుడల్లా మేడమ్‌ని నా కారులో అక్కడికి తీసుకెళ్ళేదాన్ని. మొదటిసారి ఆ పటం కింద పేరు చదివి ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకున్నారు. "అమ్మాయ్, ఈయనే. మన పుస్తకంలో చుక్క పెట్టిన ఆయన. ఇన్నేళ్ళూ అక్షరాలే తెలుసు నాకు, మనిషి ఇప్పుడు కనిపించాడు" అన్నారు. కళ్ళనిండా నీళ్ళు. నాకు ముచ్చటేసింది. ఆ పెద్దాయన పేరు నేనిక్కడ రాయడం లేదు. ఆయనకి ఇప్పటికే చాలాచోట్ల ఉంది.

ఆయన కథ ఆ సంఘం సెక్రటరీ ప్రతి సెప్టెంబరు ప్రదర్శనలోనూ చెబుతుంది. ముత్యాల దండ వేసుకునే ముసలావిడ. సంఘం పెట్టింది పెద్ద ఇళ్ళల్లో పనిచేసే తోటమాలులు, కూరగాయలు పండించి అమ్ముకునేవాళ్ళు. వాళ్ళకి హాలు లేదు, పుస్తకాలు లేవు, గాజు ఇల్లు లేదు. ధనవంతులు అన్నీ ఇస్తామన్నారు గానీ బహుమతులు మాత్రం తమ పేర్ల మీద ఉండాలన్నారు. తోట మాది కదా, మాలి మావాడే కదా అని. అప్పటికే దేశమంతా పేరున్న ఆ శాస్త్రవేత్త అడ్డం వచ్చాడు. తన గాజు ఇల్లు ప్రదర్శనలకి ఇచ్చేశాడు. తన పుస్తకాలు తెచ్చి వాళ్ళ బల్ల మీద పెట్టాడు. ఊరికే వచ్చి పాఠాలు చెప్పాడు, వాళ్ళ క్యాబేజీల ముందు కూర్చుని న్యాయనిర్ణయం చేశాడు. అడిగింది ఒక్కటే. కార్డు మీద పెంచినవారు అన్నచోట మట్టిలో చెయ్యి పెట్టినవాళ్ళ పేరే ఉండాలి. ఒక ఏడు ఒక మిల్లు యజమాని తన పేరుతో ద్రాక్ష పెట్టాడట. ఈయన ఆ కార్డు అందరి ముందూ చింపేసి, ఆ ఇంటి మాలిని పిలిచి కొత్త కార్డు రాయించాడట. ముసలావిడ ఈ మాట చెప్పగానే హాలంతా చప్పట్లు. ప్రతి ఏడూ అక్కడే కొడతారు.

ఆ హాల్లోనే మా మేడమ్ పేరు గల్లంతయింది.

పొట్లకాయ ఇక్కడ పండించడం మాటలు కాదు. ఏప్రిల్‌లో గింజ మొన కాస్త గీకి, తడిగుడ్డలో చుట్టి, హీటర్ పక్కన పెట్టాలి. మొలకని పెరుగు కప్పుల్లో పెంచి, మే నెలాఖరుకి నేల వెచ్చబడ్డాక బయట నాటాలి. పందిరి వెయ్యాలి. తెల్లటి పువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది, అంచులనిండా నూలుపోగుల్లాంటి కుచ్చు. ఇక్కడి పురుగులకి ఆ పువ్వు కొత్త, వస్తాయో రావో. అందుకని మేడమ్ చిన్నపిల్లలు బొమ్మలేసుకునే కుంచె పట్టుకుని, పువ్వు పువ్వుకీ తానే పుప్పొడి అంటించేవారు. పిందె దిగగానే కొసకి నూలుదారంతో రాయి కట్టాలి, లేకపోతే కాయ పాములా మెలితిరిగిపోతుంది. రాయి బరువెక్కువైతే పిందె తెగిపోతుంది, తక్కువైతే వంకర ఆగదు. రాళ్ళు ఆవిడ నది ఒడ్డున ఏరి తెచ్చుకునేవారు. ఒక్కొక్కటీ అరచేతిలో ఆడించి చూసి, కొన్ని మళ్ళీ నీళ్ళలో వేసేసేవారు. ఆ సమయంలో మాట్లాడిస్తే పలికేవారు కాదు.

సండే స్కూలు పిల్లలు తోటకి వచ్చారొకసారి. ఇక్కడే పుట్టిన పిల్ల ఒకత్తి "ఆంటీ, ఆ రాక్ ఎందుకు? పాపం, కాయకి హెవీ కదా?" అంది. "బరువు కాదురా తల్లీ, నేనున్నానని దానికి తెలియాలిగా" అన్నారు మేడమ్. నాకు ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

మొదటిసారి ప్రదర్శనకి తీసుకెళ్ళిన రోజు శనివారం, డాక్టరుగారూ వచ్చారు. మేడమ్ రెండు చేతుల మీదా తడిగుడ్డ పరుచుకుని, చంటిబిడ్డల్ని మోసినట్టు కాయల్ని మోస్తున్నారు. నేను కారు పార్క్ చేసి రావడానికి వెళ్ళాను. ఆవిడ చేతులు ఖాళీ లేవు కాబట్టి కార్డు నింపడం ఆయన పనయింది. పెంచినవారు అన్నచోట ఆయన తన పేరు రాశారు, చివర పీహెచ్‌డీతో సహా. ఆలోచించి రాయలేదు. ఈ దేశంలో దిగినప్పట్నుంచీ ఏ కాగితం వచ్చినా ఆయన పేరే రాస్తున్నారు కదా, అలాగే ఇదీ. నేను వచ్చేసరికి కాయలు చెక్క ఫ్రేముకి వేలాడుతున్నాయి, రాళ్ళతో సహా, పక్కన ఆ కార్డు.

జనం ఆ రాళ్ళు చూసి విస్తుపోయారు. జడ్జీలు వంగి వంగి చూశారు. మొదటి బహుమతి, నీలం రిబ్బన్ వచ్చింది. పేరు పిలిస్తే డాక్టరుగారు ఒక్క క్షణం తత్తరపడ్డారు. ఆ క్షణంలో ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. టై సర్దుకుని స్టేజీ మీదికి వెళ్ళారు. "ఇది మా ఊళ్ళో కాసే కూరగాయ" అని మైకులో చెప్పారు. ఫొటో తీశారు. మేడమ్ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు ఆరాధన అయ్యాక ఆవిణ్ణి పట్టుకుని అడిగేశాను. "మీరెందుకు ఊరుకున్నారు మేడమ్?"

"పోన్లే అమ్మాయ్. తర్వాతి ఏడు నేనే రాసుకుంటాను."

తర్వాతి ఏడు రాసుకోవడానికి కార్డే లేదు. పోయినసారి గెలిచినవాళ్ళకి సంఘంవాళ్ళే టైపు చేసి సిద్ధంగా పెడతారు, గౌరవంగా. ఆ పైన ఏడూ అంతే. ఈలోగా ఆయన పొట్లకాయల డాక్టరుగారు అయిపోయారు. ప్లెయిన్స్‌బరో నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో మనవాళ్ళు గింజల కోసం ఫోన్ చేసేవారు. ఆయన "ఆఁ, ఎప్పుడు నాటాలంటారా? ఒక్క నిమిషం" అని రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "ఇదిగో, ఎప్పుడు నాటాలి?" అని వంటింట్లోకి అడిగేవారు. ఆవిడ చెప్పింది విని మళ్ళీ ఫోన్‌లో అప్పజెప్పేవారు. నేనక్కడ కూర్చుని టీ తాగుతూ పళ్ళు నూరుకునేదాన్ని. మేడమ్ నా వంక చూసి నవ్వేవారు, బల్ల కింద నా కాలు నొక్కేవారు.

కానీ ఆవిడకి పట్టదనుకోకండి. అందరూ అలాగే అనుకున్నారు, పాపం ఎంత అణకువో అని. ఒక వేసవిలో ఆవిడే నన్ను అడిగారు, "నన్ను సొసైటీ ఆఫీసుకి తీసుకెళ్తావా అమ్మాయ్? కార్డు సంగతి మాట్లాడాలి" అని. మంచి పట్టుచీర కట్టుకుని తయారయ్యారు. సెక్రటరీ ముసలావిడ ముందు కుర్చీ అంచున కూర్చుని, వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, పాదులు పెంచేది తానని, కార్డు మీద తన పేరు వెయ్యమని అడిగారు. అంతకు ముందు ఆవిడ ఎవర్నీ ఏదీ అడగగా నేను చూడలేదు. ముసలావిడ ఎంతో ప్రేమగా "అయ్యో, దానికేముంది డియర్, ఇప్పుడే మార్చేస్తాను" అని అక్కడికక్కడే కొత్త కార్డు టైపు చేసి ఇచ్చింది. డాక్టరుగారి పేరుకి ముందు మిసెస్ చేర్చింది. అంతే.

మేడమ్ కార్డు తిప్పి వెనక చూశారు. ఖాళీ. "నా పేరు ఇది కాదండీ" అన్నారు. ముసలావిడకి అర్థం కాలేదు. వాళ్ళ సంఘంలో పెళ్ళయిన ఆడవాళ్ళందరికీ ఇలాగే రాస్తారట, మొదట్నుంచీ ఇదే మర్యాదట, ఒక కుటుంబం అంటే ఒకటే కదా అంది. ఆవిడ వెనక తెరిచిన తలుపులోంచి హాల్లో పెద్దాయన పటం కనిపిస్తోంది. తోటమాలి పేరు కోసం మిల్లు యజమానితో తగువు పెట్టుకున్న మనిషి కొలువులో, భార్యల పేర్లు ఇన్నాళ్ళూ ఏమయ్యాయో ఒక్కరూ అడగలేదు. నేను ఏదో అనబోతే మేడమ్ నా చెయ్యి పట్టుకుని లేపారు.

కారెక్కాం. ఇంటి వీధి మలుపు తిరిగాక అన్నారు. "ఆయన పేరుకి ముందు ఒక మాట చేరింది అమ్మాయ్. నా పేరేదీ?" ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు. కారు పక్కకి ఆపాను. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, భూతద్దం తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు.

మొన్న సెప్టెంబరులో చివరి ప్రదర్శన. కాయలు ఎన్నడూ లేనంత బాగా వచ్చాయి. టైపు చేసిన కార్డు యథాప్రకారం. ముసలావిడ మైకు దగ్గర పెద్దాయన కథ మొదలుపెట్టింది. గాజు ఇల్లు, పుస్తకాలు, క్యాబేజీలు, ద్రాక్ష. కార్డు చింపిన మాట దగ్గర హాలంతా చప్పట్లు కొట్టింది. మేడమ్ తన బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. చప్పట్లు ఆగాక, చెయ్యి చాచి తన కార్డు తీసుకుని, నిదానంగా రెండు ముక్కలు చేశారు. వాటిని మళ్ళీ చింపారు. ముక్కలు నేల మీద వెయ్యలేదు, హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నారు.

"ఏంటిది? అందరూ చూస్తున్నారు" అన్నారు డాక్టరుగారు, గొంతు తగ్గించి.

"చూడనివ్వండి. పటంలో ఆయన చేసిందే చేశాను."

ముసలావిడ పరుగున వచ్చింది, ఒంట్లో బాగాలేదా అని. మేడమ్ ఖాళీ కార్డు ఒకటి ఇప్పించమన్నారు. మిల్లు యజమాని ఇంటి మాలికి దొరికింది కదా, నాకూ ఇవ్వండి అన్నారు. ఆ మాట నేనే ఇంగ్లీషులోకి మార్చి, ఇంకాస్త కారం జోడించి చెప్పాను. ముసలావిడ మొహం ఎర్రబడింది. ఎంట్రీలు పొద్దున్నే ముగిశాయట, కార్డు లేని ఎంట్రీని జడ్జీలు చూడరట, రూల్ అట. జడ్జీలు నిజంగానే మా ఫ్రేము దగ్గరికి వచ్చి, కాయల వంక చూసి, కార్డు లేని చోటు చూసి, పక్కనున్న గుమ్మడికాయకి వెళ్ళిపోయారు.

కాయలు ఇంటికి తెచ్చి పాలు పోసి కూర వండారు మేడమ్. నన్ను కూర్చోబెట్టి వడ్డించారు. డాక్టరుగారు తలొంచుకుని తిన్నారు, మారు వడ్డించుకున్నారు. ఆవిడ మాత్రం హాయిగా ఉన్నారు. "వాళ్ళకి అర మార్కు కోసేశాను అమ్మాయ్" అన్నారు. వెళ్ళేటప్పుడు ఒక కాయకి కట్టిన రాయి, దారంతో సహా, నా చేతిలో పెట్టారు. వచ్చే ఏడు నువ్వూ ఒక పాదు పెట్టు అని.

చర్చి సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. భర్త పరువు నలుగురిలో తీసిందట. ఒక సంఘపెద్ద భార్య ఇంటికొచ్చి, బైబిలు వాక్యం తీసి చూపించి మరీ బుద్ధి చెప్పారట. మేడమ్ అంతా విని, "వాక్యంలో ఆడవాళ్ళ పేర్లతో పుస్తకాలకి పుస్తకాలే ఉన్నాయండీ. ఫలానా ఆయనగారి మిసెస్ అని పెట్టలేదు" అని కాఫీ ఇచ్చి పంపారట. ఇది ఆవిడే నాకు చెప్పి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వే నేను చూసిన ఆఖరిది. మంచు పడ్డాక ఎండిన తీగలు పీకుతూ పందిరి కిందే కూలిపోయారు. పక్కింటావిడ కిటికీలోంచి చూసి ఫోన్ చేసేసరికే అయిపోయింది. గుండె.

పోయినవాళ్ళ కోసం పెట్టే ఆదరణ కూడిక చర్చి బేస్‌మెంట్‌లోనే జరిగింది. బల్ల మీద ఆవిడ ఫొటో, పూలు. ఫొటో పక్కన ఏముందో చెప్పనా? ఫ్రేము కట్టించిన ఆ మొదటి కార్డు, నీలం రిబ్బన్. డాక్టరుగారింట్లో హాలు గోడ మీదిది తెచ్చి పెట్టారు, ఆవిడకి ఇష్టమని. సంఘం పెద్ద ఒకాయన లేచి, "మన డాక్టరుగారి తోట విషయంలో సిస్టర్‌గారు ఎంతో సహకారం అందించారు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

సహకారమట. ఆ మాట విన్నాక నాకు ఆ కూడికలో ఇంకేమీ వినపడలేదు. సహకారం అంటే ఏంటో ఆ పటంలో పెద్దాయనకి తెలుసు. పేరున్నవాడు పక్కకి జరిగి, పేరు లేనివాళ్ళని ముందుకి తొయ్యడం సహకారం. విత్తు నానబెట్టి, పందిరి వేసి, పువ్వు పువ్వుకీ కుంచె అంటించి, కాయ కాయకీ రాయి కట్టి, ఆఖరికి ఆ పందిరి కిందే ప్రాణం వదిలిన మనిషిది ఆ తోట. ఆవిడ ఎవరికీ సహకరించలేదు. సహకరించాల్సినవాళ్ళు ఆవిడ చుట్టూ ఉన్నారు, కుర్చీల్లో కూర్చుని ఆమెన్ అంటున్నారు.

భోజనాల దగ్గర డాక్టరుగారి ఎదురుగా కూర్చున్నాను. సమాధి రాయి మీద ఏ పేరు రాయిస్తున్నారని అడిగాను.

"ఆర్డర్ ఇచ్చేశానమ్మా. నా పేరుతో, మిసెస్ అని. ఇక్కడివాళ్ళకి తెలియాలి కదా ఎవరి తాలూకో" అన్నారు. ప్లేటులో అన్నం కలుపుతూనే ఉన్నారు, ముద్ద నోటికి వెళ్ళడం లేదు. ఆయనది దుఃఖమే, నటన కాదు. అయినా నాకు జాలి రాలేదు.

"ఆవిడకి పేరుంది డాక్టరుగారూ."

"తెలుసమ్మా" అన్నారు. ఆ పేరు పలుకుతారేమోనని చూశాను. పలకలేదు.

వారం తర్వాత డ్యూటీ దిగి నేరుగా శ్మశానానికి వెళ్ళాను. సమాధి రాయి రావడానికి ఎండాకాలం అవుతుందట. అప్పటిదాకా ఒక ఇనపపుల్లకి చిన్న ఫ్రేము, అందులో రెండు వైపులా ప్లాస్టిక్ అడ్డంపెట్టి టైపు చేసిన కార్డు. ప్రదర్శనలో పెట్టే కార్డు ఎంత ఉంటుందో ఇదీ అంతే ఉంది. డాక్టరుగారి పేరు, ముందు మిసెస్. నేను కార్డు బయటికి లాగుతుంటే ఆకులు ఊడుస్తున్న పనివాడు వచ్చి, ముందువైపు ఆఫీసు రికార్డు ప్రకారం ఉండాలి, ముట్టుకోకూడదన్నాడు. వెనకవైపో అని అడిగాను. వెనక ఏం రాసుకున్నా తనకి పట్టదన్నాడు.

కార్డు తిప్పాను. ఖాళీ. హ్యాండ్‌బ్యాగ్ మీద పెట్టుకుని, స్టాఫ్ రూమ్ బయట పలక మీద ఉన్నది ఉన్నట్టు, ఇంటిపేరుతో సహా, తెలుగులో రాశాను. కింద బోటనీ లెక్చరర్ అని రాశాను. తలెత్తితే కాస్త దూరంలో డాక్టరుగారు, చేతిలో పూలతో. ఎప్పుడొచ్చారో తెలియదు. దగ్గరికి వచ్చి చదివారు. పెదవులు కదిలాయి, మాట మాత్రం బయటికి రాలేదు. నేను పలకరించలేదు. నా కోపం తగ్గలేదు, ఇది రాస్తున్న ఈ పూటకి కూడా తగ్గలేదు.

ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు చదివేసి, అయ్యో పాపం అనుకుని, పేజీ తిప్పేస్తారు. కావలసినవాళ్ళు వెళ్ళి చూడండి. దారిలో నిలబడితే కనిపించదు. చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి, వంగి, వెనక చూడాలి. గాలికి ఫ్రేము పక్కకి తిరిగిపోకుండా, కింద నూలుదారంతో మేడమ్ నాకిచ్చిన పొట్లకాయ రాయి కట్టి వచ్చాను.